విత్తకుండా వచ్చే కూర



తొలకరి పడి రెండు మూడు వారాలు తిరిగేసరికి చేలల్లో, పెరళ్ళలో, బావి గడ్డన, చేతులు కడుక్కునే నీళ్ళు పారే చోట ఒక కూర మొలుస్తుంది. దాన్ని ఎవరూ విత్తరు. ఎవరూ ఎరువు వెయ్యరు, నీళ్ళు పెట్టరు. తెలంగాణ పల్లెల్లో గంగవాయిలి కూర అంటారు. మరికొన్ని చోట్ల గంగపాయల, గంగపావిలి, పాయలాకు. హైదరాబాదు పాతబస్తీలో కుల్ఫా అని అడిగితే ఇస్తారు. ఇందులోనే సన్నాకు రకం ఒకటుంది, సన్నపాయల అంటారు. అదీ కూరే, రుచిలో దానిదీ ఇదే దారి. ఈ పూట నేను చెప్పబోయేది ఎక్కువగా పెద్దాకు రకం గురించి.

ఇది ఇంతకాలం మన కంచాల్లోకి వచ్చిందంటే, కలుపు తీసే ఆడవాళ్ళ చేతి చలవ వల్లే వచ్చింది. ఆ చెయ్యి ఏది గట్టు మీద పడెయ్యాలో, ఏది ఒడిలో వేసుకోవాలో తెలిసిన చెయ్యి. ఇప్పుడు ఆ పని కలుపు మందు డబ్బాకు అప్పజెప్పాం. మందుకు ఆ తేడా తెలియదు. నా మనసులో ఉన్న బాధ ఇదే. కానీ ముందు కూర సంగతి చెప్పనివ్వండి. దాని గుణం తెలిస్తే కదా పోగొట్టుకుంటున్నది ఏమిటో తెలిసేది.

మొక్కను గుర్తుపట్టడం తేలికే. నేల మీద నలువైపులా పాకుతుంది. కాడ నున్నగా, ఎర్రగా, వేలితో నొక్కితే నీరు చిమ్మేంత కండతో ఉంటుంది. ఆకు మందం, మొదట్లో సన్నం, కొస దగ్గర గుండ్రం. కొమ్మ చివర నాలుగైదు ఆకులు ఒకచోట గుత్తిగా చేరతాయి. ఆ గుత్తి నడుమ చిన్న పసుపు పువ్వు పూస్తుంది. ఎండ తగిలాక విచ్చుకుంటుంది, మధ్యాహ్నానికే ముడుచుకుపోతుంది. అందుకే చాలామంది ఈ పువ్వును చూసి ఉండరు. పూత పోయాక వచ్చే కాయను ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడండి. ముదిరిన కాయకు నడుము చుట్టూ గీత ఉంటుంది. గోటితో తాకితే పై సగం కుంకుమ బరిణె మూత ఊడినట్టు ఊడి వస్తుంది. లోపల నల్లటి, ఇసుక రేణువంత గింజలు నిండుగా ఉంటాయి.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. నేలకు అంటుకుని పాకే నానబాలు జాతి మొక్కలు కూడా ఇవే చోట్ల, ఇదే కాలంలో మొలుస్తాయి. వాటి కాడ సన్నం, ఆకు పలచన, అయినా అలవాటు లేని కంటికి ఒకటే అనిపించవచ్చు. కాడ తుంచి చూడండి. తెల్లటి పాలు వస్తే అది కూర కాదు, వదిలెయ్యండి. గంగవాయిలి కాడలో ఉండేది నీరే, పాలు రావు. పిల్లలను కూరకు పంపేవాళ్ళు ఈ ఒక్క పరీక్ష నేర్పి పంపితే చాలు.

ఇంత లేత మొక్క ఇంత మొండిది ఎలా అయిందన్నది చూడదగ్గ విషయం. వేరుతో సహా పీకి గట్టు మీద పడేసినా వెంటనే చావదు. కాడలో దాచుకున్న నీటితో రోజుల తరబడి బతుకుతుంది. ఆలోపు మొగ్గ పువ్వవుతుంది, పువ్వు కాయవుతుంది, గింజ రాలుతుంది. తడి తగిలితే తెగిన ముక్క మళ్ళీ వేరు తన్నుతుంది. రాలిన గింజ మట్టిలో ఏళ్ళ తరబడి నిద్రపోయి, దున్నినప్పుడు పైకొచ్చి వెలుతురు తగలగానే మొలుస్తుంది. కలుపు శాస్త్రవేత్త లెరాయ్ హోమ్, ఆయన సహచరులు 1977లో ప్రపంచంలోని అతి చెడ్డ కలుపు మొక్కల మీద పెద్ద పుస్తకం తెచ్చారు. అందులో దీనికీ చోటు ఇచ్చారు. వాళ్ళన్నదాంట్లో తప్పు లేదు. ఉల్లి మడిలో, కూరగాయల నారుమడిలో ఇది పరుచుకుంటే లేత పైరుకు దెబ్బే. అందుకే తీసెయ్యాలి. తీసిన దాన్ని చేలోనే వదిలితే మళ్ళీ నాటినట్టు. దీన్ని అదుపులో పెట్టే మేలైన ఉపాయం చేలోంచి బయటికి తేవడం. తెచ్చాక చెయ్యాల్సిన పని పొయ్యి మీద ఉంది.

మా ఊళ్ళో పెసర చేలో కలుపు తీసే వరసలో ఒక పెద్దమ్మ వెనక నడిచిన గుర్తు నాకు బాగా ఉంది. కుర్పి ఒక చేత్తో ఆడుతూనే ఉండేది. రెండో చెయ్యి ఏరుతూ ఉండేది. గరిక గట్టుకు, తుంగ గట్టుకు, చెంచలి కూర ఒడిలోకి, దొగ్గలి కూర ఒడిలోకి, గంగవాయిలి ఒడిలోకి. తల ఎత్తకుండానే నాకు చెప్పింది.

"లేత కొసలు తెంపు బిడ్డా. ముదిరిన కాడ బర్రెకు ఏద్దాం."

మధ్యాహ్నానికి ఆమె ఒడి నిండేది. కూలి డబ్బులు కాక, ఆ రోజు కూర కూడా చేలోనే దొరికేది. అంగట్లో ఏమీ కొనాల్సిన పని లేదు. భూమి లేని ఇంటికి కూడా వానకాలమంతా ఆకుకూర అందిన దారి ఇదే. చేను ఎవరిదైనా కలుపులో ఉన్న కూర మాత్రం తీసినవాళ్ళది. రైతు అడ్డు చెప్పేవాడు కాదు. ఎక్కడా రాసిపెట్టని ఈ ఒప్పందం మన పల్లెల్లో ఎన్ని కడుపులు నింపిందో లెక్క కట్టినవాళ్ళు లేరు.

ఇక వంట సంగతి.

ముందు కడగడం. నేలకు అంటి పెరిగే మొక్క కాబట్టి ఇసుక పట్టి ఉంటుంది. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు పోసి, కూర ముంచి, కాసేపు ఉంచి, రెండు చేతులతో పైకి తియ్యాలి. గిన్నె వంచితే అడుగున దిగిన ఇసుక మళ్ళీ ఆకు మీదికే వస్తుంది. ఇసుక కనిపించకుండా పోయేదాకా అలా నీళ్ళు మార్చాలి. తరిగాక కడగకూడదు, జిగురూ పులుపూ నీళ్ళపాలవుతాయి. లేత కాడలు పారెయ్యకండి. ఈ కూర రుచి సగం కాడలోనే ఉంటుంది.

పప్పుకు పెసరపప్పైనా, కందిపప్పైనా బాగుంటుంది. ఎండాకాలం మా ఇళ్ళలో పెసరపప్పే వేస్తారు. పప్పు మరీ పేస్టు కాకుండా, పలుకు విరిగేదాకా ఉడికించి పక్కన పెట్టుకోవాలి. మూకుట్లో కాస్త నూనె వేసి ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు మగ్గాక తరిగిన కూర వెయ్యాలి. గంపెడు కూర చూస్తుండగానే గుప్పెడవుతుంది. పసుపు, పలచగా పిసికిన చింతపండు పులుసు పోసి, పులుసు పొంగు వచ్చాక పప్పు కలపాలి. బెండకాయ వండేవాళ్ళకు తెలిసిన సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది, పులుపు పడితే జిగురు తగ్గుతుంది. ఉప్పు మాత్రం ఆఖరున, రుచి చూసి వెయ్యాలి. ఈ ఆకులో సహజంగానే ఉప్పదనం ఉంది. మొదటే అలవాటు కొలతతో వేస్తే పప్పు ఉప్పగా అయిపోతుంది. చివర వెల్లుల్లి దంచి, ఎండుమిర్చి, జీలకర్ర, ఆవాలతో పోపు. ఆ పోపు ఘాటు ఇల్లంతా తిరుగుతుంది. పచ్చి మామిడికాయలు దొరికే రోజుల్లో చింతపండు మానేసి మామిడి ముక్కలు వేస్తారు, చింతచిగురు దొరికితే అదీ వేస్తారు. నన్ను అడిగితే ఈ మూడింటిలో మామిడికాయతో చేసినదే ముందు నిలుస్తుంది. మామిడి పులుపు పదునైనది, ఆకు పులుపు మెత్తనిది. రెండూ ఒకదాన్నొకటి కప్పెయ్యవు.

రాయలసీమలో పప్పు లేకుండా పుల్లగూర చేస్తారు. కూర, ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, కాస్త చింతపండు కలిపి ఉడికించి, నీళ్ళు వంచి పక్కన పెట్టి, ఉడికినదాన్ని పప్పుగుత్తితో బాగా ఎనుపుతారు. తర్వాత ఆ నీళ్ళే కావలసినంత కలిపి తాలింపు పెడతారు. రాగి సంగటి ముద్దకు గుంట చేసి అందులో పోసుకుని తింటే ఇంకో కూర అడగరు. తెలంగాణలో జొన్నరొట్టెకు తోడుగా నువ్వులు వేయించి, కూర మగ్గబెట్టి, రోట్లో పచ్చడి నూరుతారు. నువ్వుల కమ్మదనం, ఆకు పులుపు, మిరప ఘాటు మూడూ నాలుక మీద విడివిడిగా తెలుస్తాయి. మిక్సీలో వేసేవాళ్ళు ఒక్కసారి తిప్పి ఆపండి. మెత్తగా అయిపోతే జిగురు సాగి పచ్చడి పచ్చడిగా ఉండదు.

హైదరాబాదు ముస్లిం ఇళ్ళలో కుల్ఫా గోష్త్ అని మాంసంతో కలిపి వండుతారు. మాంసం ముప్పావు ఉడికాక కూర వేసి దగ్గరగా చేస్తారు. అక్కడ చింతపండు పెద్దగా అక్కర పడదు, ఆకు పులుపే మాంసానికి సరిపోతుంది.

పెరుగు పచ్చడి సంగతి వేరుగా చెప్పాలి. లేత కొసలు వేడి నీళ్ళలో ఒక్క నిమిషం వేసి తీసి, పిండి, చిలికిన పెరుగులో కలిపి, పోపు పెట్టడమే. చెయ్యడానికి ఏమీ లేదు. కానీ ఈ పెరుగు కలపడంలో ఒక పెద్ద మేలు దాగి ఉంది. దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ఇక్కడ మీకు ఒక చిన్న పరీక్ష. ఎండ గట్టిగా ఉన్న రోజుల్లో, వాన లేనప్పుడు, తెల్లవారుజామున ఒక ఆకు తెంపి నోట్లో వేసుకోండి. అదే మొక్క నుంచి సాయంత్రం ఇంకో ఆకు తెంపి నమలండి. పొద్దునది పుల్లగా ఉంటుంది, సాయంత్రానిది చప్పబడి ఉంటుంది. చాలా మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. అలా తెరిచినప్పుడు లోపలి నీరు కూడా ఆవిరైపోతుంది. నీటి కరువు వచ్చినప్పుడు గంగవాయిలి పగలు తలుపులు మూసుకుని, చల్లగా ఉండే రాత్రి తెరుస్తుంది. రాత్రి పీల్చిన గాలిని మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకులో దాచుకుంటుంది. పుల్లటి యాపిల్‌లో ఉండే ఆమ్లం కూడా అదే. పొద్దున్నే ఆకులో ఆ నిల్వ నిండుగా ఉంటుంది. ఎండెక్కే కొద్దీ దాన్ని వాడుకుని ఆహారం తయారు చేసుకుంటుంది, పులుపు తగ్గుతుంది.

దీనికి తోడు, ఆహారం తయారు చేసుకోవడానికి జొన్న, మొక్కజొన్న, చెరకు వాడే వేగమైన పద్ధతి కూడా గంగవాయిలికి వచ్చు. ఒక పద్ధతి వేగంగా పెరగడానికి, ఇంకోటి కరువులో బతకడానికి. ఈ రెండూ ఒకే ఆకులో ఒకే కణాల్లో కలిసి పనిచేస్తున్నాయని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2022లో చూపించారు. ముందు ముందు కరువును తట్టుకునే పంటలు తయారు చెయ్యాలనుకునేవాళ్ళు ఇప్పుడు ఈ మొక్క వైపు చూస్తున్నారు. మన పెరట్లో కాళ్ళ కింద పడి నలిగే మొక్క ఇది.

వైద్యం మాటకొస్తే, మన పాత ఆయుర్వేద గ్రంథాల్లో దీనికి మంచి చోటే ఉంది. 16వ శతాబ్దానికి చెందిన భావమిశ్రుడి భావప్రకాశంలో శాకాల వరసలో ఇది లోణి పేరుతో కనిపిస్తుంది. చిన్నది, పెద్దది అని రెండు రకాలు చెప్పాడు. ఉప్పగా పుల్లగా ఉంటుందనీ, ఆకలి పుట్టిస్తుందనీ, మొలల బాధకు మంచిదనీ రాశాడు. యునానీ వైద్యంలో గింజలకు ఎక్కువ విలువ. తుఖ్మె ఖుర్ఫా అంటారు. ఒంట్లో మంట, తీరని దాహం, జ్వరపు వేడి, మూత్రంలో మంట లాంటి వాటికి హకీములు వాడతారు. చార్మినార్ చుట్టుపక్కల మూలికల దుకాణాల్లో ఈ పేరు చెబితే పొట్లం కట్టి ఇస్తారు.

ఇళ్ళలో వాడకం దీనికి దగ్గరగానే ఉంటుంది. ఎండలో తిరిగి వచ్చి కళ్ళు మండితే, అరికాళ్ళు మండితే ఈ కూర వండిపెడతారు. ఎండకు తలపోటు వస్తే ఆకు నూరి నుదుటికి, కణతలకు పట్టు వేస్తారు. చెమటకాయలకు రసం పూస్తారు. విరేచనం సాఫీగా లేనివాళ్ళకు పుల్లగూర పెడతారు, ఆ జిగురు పేగుకు మేలని నమ్మకం. వీటిలో పట్టు, పూత లాంటివి ఉపశమనం ఇస్తాయి, హాని లేదు. అలాగని ఎండదెబ్బ తగిలి స్పృహ తప్పిన మనిషికి ఆకు నూరి పట్టు వేసి కూర్చోకూడదు. ఒళ్ళు తడిపి, గాలి తగలనిచ్చి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మూత్రంలో మంట కూడా అంతే. నీళ్ళు తాగి, కూర తిని, రెండు రోజుల్లో తగ్గకపోతే, జ్వరం ఉంటే డాక్టరుకు చూపించాలి. ఇది మందు పని చేసే కూర. మందుకు బదులు కాదు.

ఇందులో ఏముందో చూద్దాం. పచ్చి కూర 100 గ్రాముల్లో దాదాపు 93 గ్రాములు నీరే. శక్తి 20 కేలరీలు మాత్రమే. పొటాషియం 490 మిల్లీగ్రాముల చిల్లర, మెగ్నీషియం 70కి కాస్త తక్కువ, సి విటమిన్ 20 మిల్లీగ్రాముల పైన. చెమటలో ఉప్పులు పోగొట్టుకున్న ఒంటికి నీళ్ళూ ఉప్పులూ కలిసి అందుతాయి. ఎండాకాలం కూర అని పెద్దవాళ్ళు అనడంలో ఈ లెక్క ఉంది.

ఇంకో విశేషం ఆకుకూరల్లో అరుదైనది. చేపలు తినమని డాక్టర్లు చెప్పేటప్పుడు ఒమేగా-3 అనే కొవ్వు పేరు చెబుతారు కదా. ఆ జాతికి చెందిన ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం గంగవాయిలి ఆకులో బాగా ఉందని ఆర్టెమిస్ సిమోపౌలోస్ అనే గ్రీకు మూలాలున్న వైద్యురాలు 1986లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో రాశారు. 100 గ్రాముల పచ్చి ఆకులో 300 నుంచి 400 మిల్లీగ్రాముల దాకా ఉంటుందని తర్వాతి పరీక్షల్లో తేలింది. పాలకూరలో ఉండేదానికి ఇది కొన్ని రెట్లు. ఆమె అక్కడితో ఆగలేదు. గ్రీసు పల్లెల్లో ఆరుబయట తిరుగుతూ గంగవాయిలి, పురుగులు తిన్న కోళ్ళ గుడ్లను కూడా పరీక్షించారు. ఫారం గుడ్లతో పోలిస్తే వాటిలో ఒమేగా-3 ఎంతో ఎక్కువగా ఉందని 1989లో వెల్లడించారు. మన పెరటి నాటుకోళ్ళు తిరిగే చోట ఈ మొక్క ఉంటే, అవి కొసలు పొడుచుకు తినడం మీరూ చూసే ఉంటారు.

అయితే దీన్ని చేపకు సమానమని చెప్పేవాళ్ళ మాట నమ్మకండి. మొక్కల్లోని ఒమేగా-3ను మన ఒళ్ళు చేపలో ఉండే రూపంలోకి మార్చుకునేది కొద్దిగానే. ఆ కొవ్వే కావాలంటే అవిసె గింజల్లో ఇంతకన్నా చాలా ఎక్కువ ఉంది. గంగవాయిలి గొప్పతనం వేరు. పైసా ఖర్చు లేకుండా, నీళ్ళు పెట్టకుండా, పప్పులో కలిసి రోజువారీ తిండిగా వస్తుంది. శాకాహారం తినే పేద ఇంటికి అది చిన్న విషయం కాదు.

ఇప్పుడు జాగ్రత్తలు. ఈ ఆకులో ఆక్సలేట్లు ఎక్కువ, పాలకూరలో ఉన్నట్టే. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు తరచుగా తినకూడదు. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించుకోమని డాక్టరు చెప్పినవాళ్ళు కూడా అడగకుండా తినకూడదు. మిగతావాళ్ళకు వారానికి ఒకటి రెండుసార్లు కూరగా తింటే భయం లేదు. ఇందాక పెరుగు పచ్చడి దగ్గర ఆపిన మాట ఇక్కడ చెబుతాను. పెరుగులోని కాల్షియం ఆకులోని ఆక్సలేట్‌ను పట్టుకుంటుంది. అలా పట్టుబడినది రక్తంలోకి ఎక్కకుండా బయటికి పోతుంది. న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు 2009లో గంగవాయిలి ఆకును పెరుగుతో కలిపి పరీక్షించి, ఒంటికి ఎక్కే ఆక్సలేట్ బాగా తగ్గుతుందని చూపించారు. టర్కీ దేశంలోనూ దీన్ని పెరుగు, వెల్లుల్లితో కలిపి తింటారు. మన అమ్మమ్మలకు, టర్కీ అమ్మమ్మలకు ఎక్కడా పరిచయం లేదు, వంట మాత్రం ఒకే దారిన సాగింది.

ఇంకో మాట. మురుగు కాలువ పక్కన, రోడ్డు అంచున, ఫ్యాక్టరీ గోడ వెంట పెరిగినది ఎంత కళకళలాడుతున్నా తెంపకండి. మట్టిలోని భారలోహాలను ఈ మొక్క తనలోకి లాక్కుంటుంది. నర్సరీల్లో అమ్మే నాచు పూల మొక్క దీనికి చుట్టమే. కానీ దాని మీద మందులు కొట్టి ఉంటారు, అది అందానికే ఉంచుకోండి.

మొదట చెప్పిన బాధ దగ్గరికి వస్తాను. నేడు మొక్కజొన్న, పత్తి, సోయా చేలల్లో కలుపు మందు లేని ఊరు దొరకడం కష్టం. కూలీలు దొరకడం లేదు, దొరికినా కూలి గిట్టడం లేదు అంటారు రైతులు. ఆ మాటలో నిజం ఉంది. వాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మొక్కజొన్నలో చల్లే అట్రజిన్ లాంటి మందు డబ్బా మీద వెడల్పాకు కలుపు నివారణకు అని ఉంటుంది. ఆ వెడల్పాకు కలుపు అన్న రెండు మాటల్లో గంగవాయిలి ఉంది, దొగ్గలి కూర ఉంది, చెంచలి కూర ఉంది, పొన్నగంటి ఉంది. నిన్నటిదాకా ఒక్కో కూరకూ ఒక్కో రుచి, ఒక్కో కాలం, ఒక్కో వంట ఉండేవి. డబ్బా మీద అన్నీ కలిపి ఒకే మాట అయ్యాయి. గ్లైఫోసేట్ అనే మందు అయితే దారిలో ఉన్న పచ్చదనాన్నంతా మాడ్చేస్తుంది. దాన్ని ఎవరు పడితే వాళ్ళు చల్లకూడదనీ, చీడపీడల నియంత్రణ నిపుణుల ద్వారానే వాడాలనీ 2022లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

మందు కొట్టిన చేలో గంగవాయిలి చావకుండా మిగిలినా తినడానికి వీలులేదు. కలుపు తీసే ఆడవాళ్ళకు ఆ రోజు కూలీ లేదు, ఒడిలోకి కూరా లేదు. రెండు నష్టాలూ ఒకే మనిషి మీద పడ్డాయి. వ్యవసాయం ఖర్చు లెక్కల్లో మందు ధర ఉంటుంది, మిగిలిన కూలి ఖర్చు ఉంటుంది. ఆమె ఇంటికి రాకుండా పోయిన ఆకుకూర మాత్రం ఏ కాగితం మీదికీ ఎక్కదు. ఎక్కాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. రక్తహీనత మీద మనం ఇన్ని సభలు పెడుతున్నాం, ఇన్ని మాత్రలు పంచుతున్నాం. చేలో ఉచితంగా దొరికిన ఆకుకూరలు కంచంలోంచి ఎప్పుడు తప్పుకున్నాయో కూడా అక్కడ మాట్లాడుకోవాలి.

వేరే దారి లేదా అంటే, ఉంది. సంగారెడ్డి జిల్లా జహీరాబాదు దగ్గర పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1980ల నుంచి పనిచేస్తోంది. దాన్ని నడిపించినవాళ్ళలో ముఖ్యుడు పి.వి. సతీష్ గారు, 2023లో కన్నుమూశారు. అక్కడి సంఘాల్లోని దళిత మహిళలు ఒకే చేలో జొన్న, కంది, పెసర, అనుము, ఇంకా ఎన్నో కలిపి విత్తుతారు. ఇలాంటి చేలో కలుపు మందు వాడడానికి కుదరదు. కందీ పెసరా కూడా వెడల్పాకు మొక్కలే కదా, మందు కొడితే పంటే పోతుంది. అందుకే చేత్తో తీస్తారు. చేత్తో తీసేటప్పుడు కూర ఏరుకుంటారు. విత్తకుండా వచ్చే కూరల పేర్లు చెప్పమని అడిగితే ఆ ఆడవాళ్ళు పదుల కొద్దీ చెబుతారు. వాటిని పంటకు శత్రువులుగా కాక, పంటతో పాటు వచ్చే రెండో ఆదాయంగా లెక్క వేస్తారు.  

అందరూ జహీరాబాదు పద్ధతిలోకి ఇప్పటికిప్పుడు మారాలని నేను అడగడం లేదు. రైతు సోదరులను ఒక్కటే అడుగుతున్నాను. మందు కొట్టక తప్పని చేలో కూడా, బావి దగ్గరో గట్టు పక్కనో నాలుగు సాళ్ళు మందు పడకుండా వదలండి. గాలివాటు చూసి దూరంగా వదలండి. అక్కడ పెసరో, అలసందో చల్లి, కలుపు చేత్తో తీయించండి. కూర మీ ఇంటికీ వస్తుంది, తీసినవాళ్ళ ఇంటికీ వెళ్తుంది.

పట్నంలో ఉన్నవాళ్ళకు కూడా దారి ఉంది. రైతుబజార్లలో వానకాలం, ఎండాకాలం కూడా గంగవాయిలి కట్టలు వస్తుంటాయి. ఆకు వాడకుండా, కాడ ముట్టుకుంటే గట్టిగా ఉన్న కట్ట ఎంచుకోండి. పూత, కాయ బాగా వచ్చినది ముదురు, వద్దు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఆకుకూరలు దొరకవని ఫోన్లో వాపోతుంటే, మెక్సికన్ దుకాణాల్లో వెర్డొలాగాస్ అని అడగమనండి. ఇదే కూర. మెక్సికో వాళ్ళు పంది మాంసంతో, పచ్చటి పుల్లని మసాలాలో వండుకుంటారు. మన పిల్లలు పప్పులో వేసుకోవచ్చు. చాలా చోట్ల వేసవిలో వాళ్ళ ఇంటి వెనక తోటలోనే మొలిచి ఉంటుంది, చూసి కూడా గుర్తుపట్టక పీకి పారేస్తుంటారు. గడ్డికి మందు కొట్టించని తోటైతేనే తినాలని మాత్రం చెప్పండి.

మేడ మీద కుండీలో పెంచుకోవాలంటే విత్తనం వెతకక్కర్లేదు. కొన్న కట్టలోంచి నాలుగు ముదురు కాడలు పక్కకు తీసి, కింది ఆకులు రాల్చి, ఒక పూట నీడలో ఆరనివ్వండి. వెడల్పాటి, లోతు తక్కువ కుండీలో ఇసుక ఎక్కువ కలిపిన మట్టి నింపి, కాడలు పడుకోబెట్టి నడుము వరకు మట్టి కప్పండి. మూడు రోజులకు ఒకసారి నీళ్ళు చాలు, నిలవ ఉంటే కాడ కుళ్ళుతుంది. ఎండ ఎంత తగిలితే అంత మంచిది. నెల లోపే కొసలు తెంపుకోవచ్చు. తెంపేటప్పుడు రెండు కణుపులు వదిలి పైన గిల్లండి, పక్కల నుంచి కొత్త కొమ్మలు వస్తాయి. ఒక కొమ్మను మాత్రం గిల్లకుండా పూతకు వదలండి. దాని గింజలు ఆ కుండీలోనే రాలి, వచ్చే తొలకరికి మీరు ఏమీ చెయ్యకుండానే మొలుస్తాయి.